చేపల్లోనూ మేనరికం!
చెరువు నిండినా చేప ఎదగదెందుకు?

జహీరాబాద్: వానలు పడి చెరువులు నిండితే మొగుడంపల్లి మండలంలోని మత్స్యకారుల చూపంతా చేపపిల్లల లారీ మీదే ఉంటుంది. బొచ్చె, రవ్వ, మెరిగ చేపలు నిలవనీటిలో గుడ్లు పెట్టవు. అందుచేత ఏటా పిల్లలను బయటినుంచి తెచ్చి వదలవలసిందే.

పూర్వం ఈ పిల్లలను నదుల్లో పట్టి తెచ్చేవారు. 1957లో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి చేపలచేత గుడ్లు పెట్టించారు. అప్పటినుంచి హేచరీలు వెలిశాయి. పిల్లలకు కరువు తీరింది గాని మరో చిక్కు వచ్చింది.

ఒక్క తల్లిచేప లక్షల గుడ్లు పెడుతుంది. కనుక కొద్దిపాటి తల్లి చేపలతోనే హేచరీ నడిచిపోతుంది. వాటి పిల్లల్లోనుంచే మళ్ళీ తల్లులను ఎంచితే అన్నాచెల్లెళ్ళను జతకట్టినట్టే. 20 ఆడ చేపలకు 2 మగ చేపలే ఉంటే, శాస్త్రజ్ఞుల లెక్కలో ఆ 22 చేపలూ సరిసమానంగా జతకూడిన 7 చేపల పాటి మాత్రమే.

పొరుగున ఉన్న కర్ణాటక హేచరీలపై ఏక్‌నాథ్, డాయిల్ అనే శాస్త్రజ్ఞులు జరిపిన పరిశోధన 1990లో వెలువడింది. అక్కడ తరానికి 2 నుంచి 17 శాతం వరకు రక్తసంబంధం పెరుగుతున్నదని వారు అంచనా కట్టారు. మేనత్త కూతురిని చేసుకుంటే పుట్టే బిడ్డలో ఇది 6 శాతం పైచిలుకు. మేనమామను చేసుకుంటే పన్నెండున్నర శాతం.

రక్తం దగ్గరైనకొద్దీ ఎదుగుదల తగ్గుతుంది, అవిటి పిల్లలు పుడతాయి, రోగాలకు తట్టుకునే శక్తి సన్నగిల్లుతుంది. మందలో పొట్టేలును మార్చకపోతే ఏమవుతుందో గొర్రెలకాపరులకు తెలిసిందే. అయితే ఎదగని ప్రతి చేపకూ ఇదే కారణం కాదు. మేత చాలకపోయినా, పిల్లలు కిక్కిరిసినా చేప గిడసబారుతుంది.

దీనికి విరుగుడు లేకపోలేదు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య సంస్థ నార్వే సహకారంతో 1992లో పని మొదలుపెట్టింది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల రవ్వ చేపలను తెచ్చి, పెంపకపు చేపలతో కలిపి, బాగా ఎదిగేవాటిని తరం తరం ఎంచింది. అలా 1997లో ‘జయంతి రోహు’ వచ్చింది. తరానికి సగటున 17 శాతం ఎదుగుదల హెచ్చింది. వేర్వేరు నదుల రక్తం కలవడమే దానికి పునాది.

పిల్లలను కొనే సంఘాలవారు లెక్క, సైజు చూస్తే చాలదు. తల్లి చేపలు ఎక్కడివి, ఎన్నేళ్ళకోసారి మారుస్తున్నారు, మగవి ఎన్ని అని హేచరీవారిని అడగాలి. ధర నాలుగు పైసలు తగ్గిందని చుట్టరికపు పిల్లను తెస్తే నష్టం వల తీసేనాడు తెలుస్తుంది. అప్పటికి ఏడాది గడిచిపోతుంది.