నలుగురూ ఏమనుకుంటారోనని ఆగిపోయారా?

ఇంటర్వ్యూ పోయింది. ఆ రోజు నుంచి నిద్ర లేదు. పుస్తకం తెరిస్తే దడ. సైకాలజిస్టును కలుస్తానంటే 'పిచ్చి డాక్టర్ దగ్గరికా? రేపు సంబంధాలు వస్తాయా?' అని ఇంట్లో గొడవ. మీదీ ఇదే పరిస్థితా? అయితే ఆన్‌లైన్ కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ) గురించి తెలుసుకోండి.

ఏమిటిది?

అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960ల్లో దీనికి బాట వేశారు. మనల్ని కుంగదీసేది జరిగిన సంఘటన ఒక్కటే కాదు, దానికి మనం చెప్పుకునే అర్థం కూడా. 'ఇక నేను దేనికీ పనికిరాను' అనిపించిందా? ఆ మాట కాగితంపై రాయండి. అది నిజమనడానికి, కాదనడానికి ఆధారాలు పక్కపక్కనే రాయండి. రెండూ చూశాక సబబుగా తోచిన మాట రాసుకోండి. థెరపిస్టు ఇచ్చే హోంవర్క్ ఇలాగే ఉంటుంది. సాధారణంగా 6 నుంచి 20 సెషన్లు పడుతుంది.

వీడియో కాల్ కాబట్టి ఆసుపత్రిలో తెలిసినవాళ్లు ఎదురవుతారన్న బెంగ లేదు. ఇంట్లో వీలు కాకపోతే ఇయర్‌ఫోన్స్‌తో మేడెక్కండి. వివరాలు గోప్యంగా ఉండటం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీకిచ్చిన హక్కు.

ఇవి మరవొద్దు

* క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదయ్యారేమో అడగండి.
* యాప్ ఒక్కదాన్నే నమ్ముకుంటే మధ్యలో మానేసే అవకాశం ఎక్కువ. వెంట థెరపిస్టు ఉంటే ఫలితం మెరుగు.
* చనిపోవాలనిపిస్తే సెషన్ దాకా ఆగొద్దు. దగ్గరివాళ్లకు చెప్పండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఇంట్లో ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇష్టం. మొదటి సెషన్‌కు మాత్రం ఈ వారమే టైమ్ తీసుకోండి.