క్వాంట్ ట్రేడింగ్ కోర్సుకు ఫీజు కట్టే ముందు

ఇంజినీరింగ్ ముగించిన పిల్లలు ఇప్పుడు చాలా ఇళ్లలో అడుగుతున్నది ఒకటే: "క్వాంట్ ట్రేడింగ్ కోర్సులో చేరతాను, ఫీజు కట్టండి." పాత ధరలను గణితంతో పరిశీలించి, కొనడానికీ అమ్మడానికీ ఒక నియమం తయారుచేసి, దాన్ని కంప్యూటర్ ప్రోగ్రాంతో నడపడమే క్వాంట్ ట్రేడింగ్. ఇది బూటకం కాదు. అయితే ఆ పేరుతో అమ్ముతున్నదంతా చదువూ కాదు.

ముందు ఈ అంకెలు చూడండి. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఒక అధ్యయనం విడుదల చేసింది. 2021-22 నుంచి 2023-24 వరకు ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. 2023-24లో అక్కడ విదేశీ సంస్థలకు వచ్చిన లాభాల్లో 97 శాతం కంప్యూటర్ ట్రేడింగ్‌తో వచ్చినవే. నాలుగు వారాల క్లాసు విని దిగే మన పిల్లలు పోటీపడాల్సింది వాళ్లతో.

గ్రాఫ్ చూసి నమ్మకండి

1,024 మందిని తలా పదిసార్లు బొమ్మా బొరుసా చెప్పమంటే, సగటున ఒకరు పదికి పదీ సరిగ్గా చెబుతారు. అది విద్య కాదు, అదృష్టం. పాత ధరల మీద వెయ్యి నియమాలు పరీక్షించి, బాగా వచ్చిన ఒక్కదాన్ని చూపించే గ్రాఫూ అలాంటిదే. అదృష్టాన్నీ నిజమైన ఫలితాన్నీ వేరుచేయడం నేర్పేదే అసలు చదువు. దాని పేరు గణాంక శాస్త్రం.

ఆ శాస్త్రంలో ప్రపంచమంతా గౌరవించే సి.ఆర్.రావు 1920లో నేటి కర్ణాటకలోని హడగలిలో తెలుగు కుటుంబంలోనే పుట్టారు.

ఎక్కడ నేర్చుకోవాలి?

సంభావ్యత, గణాంక శాస్త్రం, పైథాన్ పాఠాలు ఐఐటీల అధ్యాపకులు చెప్పినవి ఎన్‌పీటెల్‌లో ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. మార్కెట్ నియమాలకు సెబీ నెలకొల్పిన ఎన్‌ఐఎస్‌ఎం వారి ఈక్విటీ డెరివేటివ్స్ పరీక్ష ఉంది. ఇంటర్ లేదా ప్లస్ టూ చదువుతున్నవారైతే బెంగళూరులోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బి.మ్యాథ్, చెన్నై దగ్గర సిరుసేరిలోని చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీఎస్సీ కోసం ప్రవేశ పరీక్షలకు సిద్ధపడవచ్చు.

ఫీజు కట్టే ముందు అడగండి

- లాభం గ్యారంటీ అంటున్నారా? అయితే అక్కడితో ఆపేయండి.
- ఫలానా షేరు కొనమని చెబుతున్నారా? అలా చెప్పడానికి సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరును సెబీ వెబ్‌సైట్‌లో సరిచూడండి.
- నియమం తయారుచేసినప్పుడు వాడని ధరల మీద పరీక్షించి చూపించారా?
- బ్రోకరేజీ, పన్నులు తీసేశాక ఏం మిగిలింది? పదివేలకు సగటున 5 రూపాయలు వచ్చే నియమానికి ఖర్చు 8 రూపాయలైతే, ఎన్నిసార్లు ఆడితే అంత నష్టం.

గణితం, ప్రోగ్రామింగ్ బాగా వస్తే ట్రేడింగ్ కుదరకపోయినా బ్యాంకులో, బీమా సంస్థలో, డేటా ఉద్యోగంలో అవి అన్నం పెడతాయి. ఒక గురువుగారి "సీక్రెట్ స్ట్రాటజీ" ఆ పని చేయదు. దానికోసం బంగారం తాకట్టు పెట్టకండి.