మీకు తెలుసా? ఎన్‌సైక్లోపీడియాలో ఒక చక్రం ఉంది!

ఎన్‌సైక్లోపీడియా అసలు గ్రీకులో ఒక్క మాట కాదు, రెండు: ‘ఎన్‌కిక్లియోస్ పైదేయా’. మొదటిదానికి చుట్టూ తిరిగివచ్చేదని అర్థం. రెండోది పిల్లల పెంపకం, చదువు. అంటే, అన్ని విద్యలనూ ఒక చుట్టు చుట్టివచ్చే చదువు. లాటిన్ రాతప్రతుల్లో ఎవరో ఈ రెంటినీ పొరపాటున కలిపి రాయడంతో ఒకే పదంగా స్థిరపడిపోయింది. ఇందులోని ‘కిక్లోస్’, మన సైకిల్, సంస్కృత ‘చక్రం’ భాషాపరంగా దాయాదులే.

తెలుగువారు మాత్రం చక్రాన్ని వదిలేసి సంపదను పట్టుకున్నారు. ఎన్‌సైక్లోపీడియాకు మన మాట విజ్ఞాన సర్వస్వం. సర్వం, స్వం కలిస్తే సర్వస్వం, అంటే ఉన్న ఆస్తి మొత్తం. కొమర్రాజు లక్ష్మణరావు ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ మొదలుపెట్టి మూడు సంపుటాలు తెచ్చినా ‘అ’ అక్షరం దాటలేదు. 1923లో ఆయన కన్నుమూశారు.

ఆ పేరు పుట్టకముందే అలాంటి పని తెలుగులో జరిగిందంటే అతిశయోక్తి కాదు. జనగామ జిల్లాలోని పాలకుర్తి ఊరిపేరే ఇంటిపేరైన పాల్కురికి సోమన రాసిన ‘పండితారాధ్య చరిత్ర’ పేరుకు మల్లికార్జున పండితారాధ్యుడి జీవితకథ. విప్పితే రాగాలు, వాద్యాలు, నాట్యాలు, ఆటలు, జనం పాడుకునే పాటల రకాలు! తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాల ప్రస్తావన కోసం పరిశోధకులు నేటికీ ఈ ద్విపద కావ్యాన్నే తిరగేస్తున్నారు. విమర్శకులు దీన్ని విజ్ఞాన సర్వస్వమనే అంటారు.