అత్తమ్మ అంబాసిడర్ హైదరాబాదు వెళ్ళింది!

కార్ల కబుర్లు మగవాళ్ళవి, మనకి కిటికీ పక్కన చోటు దొరికితే చాలు అనుకునే ఇళ్ళు ఇప్పటికీ తక్కువేం కాదు. కొత్త కారు కొనేటప్పుడైనా ఏ రంగు బావుంటుందని మనల్నో మాట అడుగుతారు. పాత కారు సంగతి వచ్చేసరికి ఆ పాటి మర్యాద కూడా ఉండదు. ఉంచాలా, అమ్మాలా, తుక్కు కింద తూకానికి వెయ్యాలా అన్నది వరండాలో కుర్చీలేసుకుని మగవాళ్ళే తేల్చేస్తారు. మనం లోపల్నించి కాఫీలు అందిస్తుంటాం!

కర్నూల్లో మా ఇంట్లోనూ అంతే జరిగి ఉండేది. జరగలేదు. ఎందుకు జరగలేదో చెప్పాలంటే, మొన్నటి చలికాలంలో మా పాత అంబాసిడర్‌ని హైదరాబాదులో పాత కార్ల ప్రదర్శనకి తీసుకెళ్ళిన ముచ్చట మీకు చెప్పాలి.

పెళ్ళి కారు... పురిటి కారు

మాది 1967 నాటి అంబాసిడర్ మార్క్ టూ. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా తీసుకుని హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో చేసిన బండి. ఆ ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. 1489 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు, ముందు కూడా సోఫాలాంటి ఒకే సీటు. ఆ సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చుని, ఒళ్ళో పిల్లల్ని కూడా పెట్టుకోవచ్చు!

అప్పట్లో చేతిలో డబ్బున్నా కారు వెంటనే దొరికేది కాదు. పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సిందే. బేతంచెర్లలో నాపరాళ్ళ వ్యాపారం చేసిన మా మామగారి తండ్రి అలా ఎదురుచూసి తెచ్చుకున్నారట. కారు ఇంటికొచ్చిందీ, మా అత్తమ్మ కాపురానికొచ్చిందీ ఒకే ఏడు. ఆవిడ పుట్టిల్లు కడప జిల్లా ప్రొద్దుటూరు. పండక్కి పుట్టింటికెళ్ళినా, పురిటికెళ్ళినా, పిల్లల్ని ఎత్తుకుని తిరిగొచ్చినా ఆ కార్లోనే. మా వాళ్ళవే కాదు, వీధిలో ఏ ఇంటి ఆడపిల్లకి అర్ధరాత్రి నొప్పులొచ్చినా కర్నూలు పెద్దాసుపత్రికి బయల్దేరేది ఆ బండే. వెనక సీటు మీద పరిచే పాత దుప్పటి కోసమే ఒక అల్మరా అర ఉండేదని అత్తమ్మ చెబుతుంది.

కరువు చేసిన మేలు

ఇన్నేళ్ళ బండి ఎలా నిలిచిందని అందరూ అడుగుతారు. జవాబు వింటే నవ్వొస్తుంది. మన సీమ కరువే కాపాడింది! ఇనుము తుప్పు పట్టాలంటే తేమ కావాలి. ఉప్పుగాలి తోడైతే ఇంకా త్వరగా తినేస్తుంది. గోదావరి జిల్లాల్లో ఏడాదికి 1000 మిల్లీమీటర్లు దాటి వాన పడితే, మా కర్నూలు వైపు 700 లోపే. అదీ అన్నేళ్ళూ పడదు. పైగా మా షెడ్డులో నేలంతా నాపరాళ్ళే. కాబట్టి కారు అడుగు రేకు ఇప్పటికీ గట్టిగా ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలుని ముంచేసినప్పుడు కూడా కారు బేతంచెర్లలో ఉండబట్టి గండం తప్పింది.

అయితే ఎండ ఊరికే వదలదు కదండీ! రేకుని వదిలిపెట్టి మిగతావన్నీ తింటుంది. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీటలు తీసింది. టైర్లు పగిలాయి. సీట్ల రెక్సిన్ అప్పడంలా విరిగింది. వైర్ల పైతొడుగు చేత్తో ముట్టుకుంటే రాలిపోయింది. మిగిలినవాటి పని ఎలుకలు చూసుకున్నాయి.

రంగు వేద్దామా... వద్దా?

ప్రదర్శన మాట ఎత్తింది మా మరిది. "వదినా, మెరిసిపోయే తెల్లరంగు కొట్టించి, కొత్త చక్రాలు బిగిద్దాం. అందరి కళ్ళూ మన బండి మీదే!" అన్నాడు. నేను నిబంధనల కాగితం చదివి వద్దన్నాను. మనం పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు పాత కారుని ముస్తాబు చేస్తే మార్కులు పోతాయి! ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో దానికి ఎంత దగ్గరగా ఉంటే అంత విలువ. ఇంజను, ఛాసిస్ మీది నంబర్లు కాగితాల్లో ఉన్నవాటితో కలవాలి. లైట్లు, అద్దాలు, మీటర్లు, సీటు గుడ్డ, చివరికి పనిముట్ల సంచి కూడా ఆ కాలానివైతే మేలు.

అందుకని ప్రాణానికి సంబంధించినవి మాత్రమే కొత్తవి వేయించాం. కర్నూల్లో మాకు ఎప్పట్నుంచో తెలిసిన పెద్ద మేస్త్రీ బ్రేకుల రబ్బర్లు, రేడియేటర్ గొట్టాలు, వైరింగు, టైర్లు మార్చాడు. పెట్రోలు ట్యాంకు విప్పి అడుగున పేరుకున్న మడ్డి కడిగించాడు. లేత నీలం రంగు మాత్రం ముట్టుకోలేదు. వెనక తలుపు మీద పొడుగాటి గీత ఒకటుంది. మా ఆయన చిన్నప్పుడు తాళంచెవితో గీసిందట. అదీ అలాగే ఉంచేశాం.

ఇక కాగితాలు! ఇల్లంతా వెతికారు. పాత ఆర్సీ పుస్తకం, కొన్నప్పటి రసీదు అత్తమ్మ నగల పెట్టెలోంచి బయటికొచ్చాయి. ఇంజను మొండికేస్తే ముందునుంచి తిప్పే ఇనుప హ్యాండిల్ ఆవిడ మంచం కింద ఉంది!

యజమాని ఎవరండీ?

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. కర్నూలు నుంచి హైదరాబాదు సుమారు 210 కి.మీ. కొత్త కార్లు మూడున్నర గంటల్లో పోతాయి. మేం గంటకి 50 కి.మీ. దాటకుండా, బీచుపల్లి దగ్గరొకసారి, జడ్చర్లలో ఒకసారి ఆగి, నీళ్ళు చూసుకుంటూ వెళ్ళాం. అత్తమ్మ ముందు సీట్లో, కాళ్ళ దగ్గర నీళ్ళ క్యాను పెట్టుకుని కూర్చుంది.

హైదరాబాదుకి పాత కార్లు కొత్త కాదు. చౌమహల్లా ప్యాలెస్ చూసినవాళ్ళకి అక్కడి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ గుర్తుండే ఉంటుంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ ఊరేగింపుల కోసమని ఆర్డరిచ్చి, అది రాకముందే 1911లో కన్నుమూశారు. మేం వెళ్ళిన ప్రదర్శనలోనూ అలాంటి రాచఠీవి కార్లు చాలానే ఉన్నాయి. పాత కార్ల సంఘాల లెక్కలో వింటేజ్ అంటే దాదాపు 1919 నుంచి 1930 వరకు తయారైనవి. వాటి ముందు మా అంబాసిడర్ చిన్నపిల్లే. వరస చివర్న చోటిచ్చారు.

న్యాయనిర్ణేతలు ఇద్దరొచ్చారు. బానెట్ తీసి నంబర్లు చూశారు. తలుపు లోపలి అంచున రంగు చూసి తల ఊపారు. గీత గురించి అడిగి నవ్వారు. ఆఖర్న కాగితాలు తిరగేస్తూ, "యజమాని ఎవరండీ?" అన్నారు. మా ఆయన మరిది వంక చూశారు. మరిది ఆయన వంక చూశాడు.

"నేనే నాయనా" అంది అత్తమ్మ, క్యాను మీంచి చెయ్యి తియ్యకుండానే!

నిజమే. మామగారు పోయాక రిజిస్ట్రేషన్ ఆవిడ పేరుకి మార్పించారు. ఆ సంగతి మేమంతా మర్చిపోయాం.

బహుమతి రాలేదు లెండి. కానీ ఆ సాయంత్రమే కార్లు సేకరించే ఒకాయన వచ్చి మంచి ధర చెప్పాడు. మరిది కళ్ళు మెరిశాయి. ఇంకొకాయనేమో, "అమ్మకండి, వింటేజ్ కింద రిజిస్టరు చేయించండి" అని సలహా ఇచ్చాడు.

చట్టం ఏమంటోంది?

ఈ వింటేజ్ రిజిస్ట్రేషన్ సంగతి చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం దీనికి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన కార్లు, మోటారుసైకిళ్ళు వింటేజ్ కిందకి వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. కొత్తగా నమోదు చేయించే బండికి రూ. 20,000, ఆ తర్వాత మళ్ళీ చేయించేటప్పుడు రూ. 5,000 ఫీజు. గడువు పదేళ్ళు. కొత్త నంబరులో 'వీఏ' అనే అక్షరాలుంటాయి. ముందే రిజిస్టరైన బండి పాత నంబరే ఉంచుకోవచ్చు.

గౌరవంగానే ఉంది కదూ! కానీ ఒక మెలిక ఉంది. అలా నమోదైన బండిని రోజువారీ పనులకి రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు... ఇలాంటి వాటికే తియ్యాలి. మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకుంటే అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గి పొడిగించుకోవాలి. దానికి ఫీజులు ఈ మధ్య బాగా పెరిగాయి.

ఇంటికొచ్చాక వరండాలో కుర్చీలు పడ్డాయి. అమ్మకమా, వింటేజా? ఈసారి అత్తమ్మకీ కుర్చీ వేశాం. అంతా విని ఆవిడ అడిగింది ఒక్కటే.

"ఆ కాగితం తీసుకుంటే ఈ బండిలో ప్రొద్దుటూరికి పోవచ్చునా?"

"పోకూడదమ్మా."

"పోయేదానికి లేకుంటే నాకెందుకబ్బా అది? పట్టుచీర పెట్టెలో దాచినా ఏడాదికోసారి మడత మార్చల్ల. లేకుంటే మడత కాడనే పిగిలిపోతాది."

ఆ మాట పాత కార్ల గురించి తెలిసినవాళ్ళూ ఒప్పుకునేదే. పాత వాహనాల సంఘాలకి అంతర్జాతీయ సమాఖ్య ఒకటుంది. పేరు ఫివా, 1966లో మొదలైంది. పాత బండిని వాడుతూ ఉండటం కూడా దాన్ని కాపాడటంలో భాగమేనని ఆ సమాఖ్య ట్యూరిన్ చార్టర్ చెబుతుంది. కదలకుండా నిలబెడితే బ్రేకులు పట్టేస్తాయి, రబ్బర్లు ఎండిపోతాయి, ట్యాంకులో పెట్రోలు మడ్డి కడుతుంది. మా బండికి పట్టిన రోగాలన్నీ అవే మరి!

పుట్టింటి దారే మొదటి దారి

అసలు కారులో మొట్టమొదటి దూర ప్రయాణం ఎవరు చేశారో తెలుసా? ఒక ఇల్లాలు! కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని జర్మనీలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి సుమారు 100 కి.మీ. నడుపుకుంటూ వెళ్ళింది. ఎక్కడికనుకున్నారు? పుట్టింటికే! దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. తీగ ఒరుసుకుంటే మేజోళ్ళ పట్టీ చుట్టింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాడిచేత తోలు వేయించింది. ఇంధనం మందుల షాపులో కొంది!

హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు మధ్యాహ్నం ఎండకి మా ఇంజనూ గొణిగింది. అత్తమ్మ పాత నూలు చీర చింపి, నీళ్ళలో తడిపి పెట్రోలు పంపు మీద వేయమంది. మామగారు చేసేవారట. పావుగంటలో బండి కదిలింది. బెర్తా కథ చెబితే అత్తమ్మ, "ఆయమ్మా పుట్టింటికేనా పాయె!" అని ఒకటే నవ్వు.

మేం కారు అమ్మలేదు. మామూలు రిజిస్ట్రేషనే ఉంచేశాం. వారానికోసారి స్టార్టు చేసి, కాసేపు తిప్పి తెస్తున్నాం. సంక్రాంతికి నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి మీదుగా ప్రొద్దుటూరు ప్రయాణం కూడా అయింది. మరిది నాలుగు రోజులు ముభావంగా ఉన్నాడు కానీ, దారిలో ఆళ్ళగడ్డ దగ్గర స్టీరింగు అడిగి మరీ తీసుకున్నాడు!

చివరగా ఒక మాట. ఇంటి యజమాని పోయినప్పుడు బండి ఎవరికి చెందాలన్నది వాయిదా వెయ్యకండి. 30 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో వారసుల పేరు మీదికి మార్చుకోవాలి. 2021 నుంచి ఆర్సీలో నామినీ పేరు కూడా ముందే రాయించుకునే వీలు వచ్చింది. మీ షెడ్డులో గుడ్డ కప్పుకుని పాత బండి ఏదైనా ఉంటే, ధర కట్టించే ముందు ఒకసారి ఆర్సీ తీసి ఎవరి పేరుందో చూడండి. ఆ పేరు మీ అత్తగారిదో, అమ్మదో అయితే ఆవిడకీ వరండాలో ఒక కుర్చీ వెయ్యండి. ఆ పూట కాఫీలు ఇంకెవరైనా పెడతారు!