దెయ్యపు కుక్క, కాకుల వేట, కారే కప్పు
ఇంగ్లండ్‌లోని ఓ పల్లె చర్చికి జరిగిన నష్టాలపై జనం చెప్పుకునే కథలు ఒకటైతే, పాత లెక్కల పుస్తకాలు చెప్పేది మరొకటి

పాత చెక్క తలుపు మీద నల్లగా మాడిన మచ్చలు. పొడవుగా, గోళ్లతో గీరినట్టు ఉంటాయి. తూర్పు ఇంగ్లండ్‌లోని సఫోక్ కౌంటీలో, బ్లైత్ నది ఒడ్డు చిత్తడి నేలల పక్కన నిలిచిన బ్లైత్‌బర్గ్ హోలీ ట్రినిటీ చర్చి ఉత్తర ద్వారమది. ఆ మచ్చలు 'బ్లాక్ షక్' అనే దెయ్యపు కుక్క వదిలి వెళ్లినవని ఊరి కథ.

కథకు తేదీ కూడా ఉంది. 1577 ఆగస్టు 4, ఆదివారం. ప్రార్థన సాగుతుండగా ఉరుములు, మెరుపులతో గాలివాన విరుచుకుపడింది. చర్చి శిఖరం కూలింది. ప్రాణాలు పోయాయి. అదే రోజు సమీపంలోని బంగే పట్టణ చర్చిలోనూ ఇద్దరు చనిపోయారు. అబ్రహం ఫ్లెమింగ్ అనే రచయిత ఈ ఉత్పాతంపై ఒక కరపత్రం అచ్చు వేశారు. నల్ల కుక్క రూపంలో సైతానే వచ్చాడన్నది అందులోని సారాంశం. బంగే చర్చి రికార్డుల్లో తుపాను ఉంది, మృతులున్నారు, కుక్క మాత్రం లేదు. అయినా జనం గుర్తుంచుకున్నది కుక్కనే. బంగే పట్టణ చిహ్నంలోకి కూడా అది ఎక్కింది. ఇక తలుపు మీది మచ్చల విషయానికొస్తే, కీడు సోకకుండా కొవ్వొత్తి మంటతో కావాలనే కాల్చిన గుర్తులు ఇంగ్లండ్ పాత కట్టడాల్లో చాలాచోట్ల ఉన్నాయని పరిశోధకులు చెబుతారు.

రెండో కథలో నిందితుడు మనిషే. చర్చి కప్పు దూలాల మీద రెక్కలు చాచిన కొయ్య దేవదూతలున్నారు. 15వ శతాబ్దపు పనితనం. వాటి ఒంటి నిండా సీసపు గుళ్ల గాయాలు. అంతర్యుద్ధ కాలంలో ప్యూరిటన్లు తుపాకులతో కాల్చారని తరతరాలుగా చెప్పుకున్నారు. పేరు కూడా సిద్ధంగా ఉంది: విలియం డౌసింగ్. చర్చిల్లోని బొమ్మలను తొలగించడానికి పార్లమెంటు పక్షం నియమించిన అధికారి. 1644 ఏప్రిల్‌లో ఆయన బ్లైత్‌బర్గ్ వచ్చిన మాట నిజం. 200కు పైగా బొమ్మలను తీసేయమని, దేవదూతలను దించేయమని ఆదేశించిన మాటా నిజం. ఆ సంగతి ఆయనే డైరీలో రాసుకున్నారు. కానీ తుపాకీ నేరం ఆయనది కాదు. మరమ్మతుల్లో బయటపడిన గుళ్లు 18వ శతాబ్దానివని తేలింది. కప్పులో గూళ్లు కట్టే జాక్‌డా కాకులను కాల్చినందుకు ఇచ్చిన డబ్బు 1761 నాటి చర్చి పద్దుల్లో ఉంది. అంటే దేవదూతలను గాయపరిచింది శత్రువులు కాదు, చర్చిని కాపాడాలనుకున్న ఊరివాళ్లే.

ఈ రెండు కథల మాటున అసలు శత్రువు దాక్కుంది. పేదరికం. బ్లైత్‌బర్గ్ ఒకప్పుడు రేవు పట్టణం. ఇంత పెద్ద చర్చిని కట్టింది ఆ రోజుల్లోనే. తర్వాత ఓడలు పెరిగాయి, నది పూడింది, వ్యాపారం తరలిపోయింది. 16వ శతాబ్దంలో ఎనిమిదో హెన్రీ ఇక్కడి మఠాన్ని మూయించాడు. మిగిలింది చిన్న పల్లె, దాని నెత్తిన మోయలేనంత పెద్ద కప్పు. 19వ శతాబ్దానికి వాన పడితే భక్తులు గొడుగులు వేసుకుని కూర్చునే పరిస్థితి. 1881లో ప్రమాదకరమంటూ చర్చిని మూసేశారు. బాగుచేయడం మీదా తగవే. పాతదాన్ని కొత్తగా మార్చేయొద్దని, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టాలని కవి విలియం మోరిస్ స్థాపించిన పురాతన కట్టడాల పరిరక్షణ సంఘం పట్టుబట్టింది. నిధుల కొరత కూడా తోడై పనులు నెమ్మదించాయి. తలుపులు తిరిగి తెరుచుకున్నా మరమ్మతులు దశాబ్దాల పాటు సాగాయి. రంగులు వెలిసిన ఆ దేవదూతలు నేటికీ దక్కడంలో ఈ నిదానానికీ వాటా ఉంది.

1969లో స్నేప్ సంగీత భవనం కాలిపోయినప్పుడు ఆల్డెబర్గ్ ఉత్సవానికి చోటిచ్చింది ఈ చర్చే. మొజార్ట్ ఒపెరా 'ఇడొమెనియో'ను ఆ కొయ్య దేవదూతల కిందే ప్రదర్శించారు. కుక్క మీద, డౌసింగ్ మీద కథలున్నాయి. శతాబ్దాల పాటు కప్పును తొలిచిన వాన మీద మాత్రం ఎవరూ కథ అల్లలేదు.