చేప యెంత పెరుగును? ఎందువలన?

చెరువు వేట జరిగిననాడు గట్టుమీద వృద్ధులు తఱచుగా ననుమాట యొకటి కలదు: వెనుకటి చేపలు వేరు, నేటి చేపలు వేరు అని. ఈ మాటను వట్టి ముచ్చటగా త్రోసివేయరాదు. చేప పరిమాణము కొంత జాతిని బట్టియు, కొంత మేతను నీటిని బట్టియు, కొంత మన వలను బట్టియు నుండును.

ముందుగా జాతి. పరిగె యెన్ని దినములు బ్రదికినను చిన్నచేపయే; వాలుగ బారెడు పొడవు పెరుగగలదు. అయినను పశువునకును చేపకును ఒక భేదము కలదు. పశువు ఈడు వచ్చినంతట ఎదుగుట మానును. చేప బ్రదికినన్నాళ్లు పెరుగుచునే యుండును. గ్రుడ్లు పెట్టు ఈడు వచ్చిన పిదప మాత్రము, తిన్నదానిలో చాలభాగము గ్రుడ్లకు పోవుటచే, పెరుగుదల మందగించును. పొడవు రెండింతలైనచో బరువు సుమారు ఎనిమిదింతలగును. కావున తొందరపడి పట్టిన చేపవలన నష్టమెంతయో గ్రహింపవలెను.

రెండవది మేత. దట్టముగా చల్లిన పైరు పిలక వేయనట్లే, పిల్లలు మిక్కుటమైన చెరువులో ఏ చేపయు ఎదుగదు. బొచ్చె పైనీటిలోని సూక్ష్మజీవులను తినును. శీలావతి నడిమినీటను, మోసు అడుగునను మేయును. ఈ మూడును తగుపాళ్లలో కలిసియున్నచో ఒకదాని మేతకు వేరొకటి అంతగా అడ్డురాదు.

మూడవది నీరు. వెచ్చని నీటిలో చేప చురుకుగా మేసి త్వరగా పెరుగును. కాని నీరు వేడెక్కినకొలది అందు ప్రాణవాయువు తగ్గును. వేసవిలో తెల్లవారుజామున చేపలు పైకివచ్చి నోరు తెఱచుట ఇందుచేతనే. కొరమేను పైగాలి పీల్చగలదు గనుక మడుగులో సైతము నిలుచును.

ఇక నాల్గవది మన వల. పెద్దవానినే యేటేట ఏరి పట్టినచో, చిన్నతనముననే గ్రుడ్లు పెట్టునవే సంతానమును నిలుపుకొనును. కెనడా దేశమున న్యూఫౌండ్లండు తీరమందు కాడ్ అను చేపను మితిమీరి పట్టిరి. రానురాను ఆ చేపలు మునుపటికంటె చిన్నవయసుననే, చిన్న పరిమాణముననే ఈడునకు వచ్చినట్లు శాస్త్రజ్ఞులు గుర్తించిరి. తుదకు చేపయే కరవై, 1992లో ప్రభుత్వము వేటను నిషేధింపగా, సుమారు 30,000 మంది జీవనము కోల్పోయిరి.

అంతటి సముద్రమునకే అట్టిగతి పట్టినప్పుడు మన చెరువు మాట చెప్పనేల? చెరువు పాట యొక్కయేటికే యైనచో, పాడుకొన్నవాడు రాబోవు సంవత్సరమును తలపక దొరికినదెల్ల పట్టును. సంఘము తానే చెరువును కొన్నియేండ్లకు తీసికొన్నచో ఈ క్రింది నియమములు పాటించుట సులభము.

బొచ్చె, శీలావతి, మోసు నిలువనీటిలో సాధారణముగా గ్రుడ్లు పెట్టవు. వానకాలపు వరదలలో ఏటియందు పెట్టును. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురిగారు మొదలగువారు చేపతలలోని గ్రంథిరసమును సూదితో నెక్కించి వీనిచే గ్రుడ్లు పెట్టించిరి. నాటినుండి పిల్లలు సులభముగా లభించుచున్నవి. కావున వీని విషయమున చెరువునకు తగినన్ని పిల్లలనే విడిచి, ఎదుగుటకు వ్యవధి నిచ్చిన చాలును.

కొరమేను అట్లుగాదు. అది చెరువులోనే గ్రుడ్లు పెట్టి, గుంపుగా తిరుగు పిల్లలను కాచియుండును. అట్టి తల్లిదండ్రులను పట్టుట విత్తనపు ధాన్యమును వండుకొనుటయే. పిల్లలతోనున్న జంటను విడిచిపెట్టవలెను. వలకన్ను పెద్దదిగా నుంచవలెను. వరదలలో గ్రుడ్లతో ఎదురెక్కు ఏటిచేపలను కాలువలకడ అడ్డగింపరాదు.

నీటి వేడిమియు, వానయు మన వశములోనివి కావు. వలకన్ను మన వశములోనిది. వేట ఆరంభించుటకు ముందే సభ్యులును, బెస్త సోదరులును ఒకచోట కూడి ఈ నియమములను తీర్మానించుకొందురుగాక!