పుష్యమాసపు ప్రాతఃకాలంలో ఒక నడక

పుష్యమాసంలో తెలిసినవారు ఇద్దరు ఎదురుపడితే మొదట వచ్చే మాట చలిని గురించే. ‘రాత్రి చలి చూశారా?’ అని ఒకరంటారు. ‘ఇదేమి చలి! మా చిన్నతనంలో...’ అని రెండవవారు ఆరంభిస్తారు. అయితే చలిని గురించి మాట్లాడుకున్నంతగా మనం ఆలోచించము. ఏ వేళ చలి ఎక్కువ, ఎందుకు ఎక్కువ, ఆ వేళ మనం పీల్చే గాలి ఎటువంటిది అనే సంగతులు తెలుసుకోవడానికి పెద్ద గ్రంథాలు తిరగవేయనవసరం లేదు. శీతకాలంలో తెల్లవారే వేళ ఒక ఉద్యానవనంలో అరగంటసేపు కళ్ళూ చెవులూ తెరచుకొని నడిస్తే చాలును. వీటిని తెలుసుకొనవలసిన అగత్యం నాకెట్లా కలిగిందో చివర మనవి చేస్తాను.

ఈ నడకకు హైదరాబాదులోని పబ్లిక్ గార్డెన్సును ఎంచుకుందాం. ఆకాశవాణి కేంద్రానికి దగ్గరలో, నాంపల్లి రైల్వే స్టేషనుకు సమీపంలో ఉన్న తోట ఇది. దీని పాత పేరు బాగె ఆమ్, అంటే అందరి తోట. శాసనసభా భవనం, ఏడవ నిజాం రజతోత్సవానికి గుర్తుగా వెలసిన జూబిలీ హాలు, పురావస్తు ప్రదర్శనశాల దీని ఆవరణను ఆనుకొనే ఉన్నవి. ఒకప్పుడు వన్యమృగాలు కూడా ఇక్కడ ఉండేవి. 1963లో నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఏర్పడిన తరువాత వాటి నివాసం అక్కడికి మారింది. ఇప్పుడు ప్రాతఃకాలంలో ఇక్కడ తిరిగేది నడకకు వచ్చిన మనుషులు, వారిని లెక్కచేయని గోరువంకలు.

ఉదయం ఆరు గంటలు. ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. డిసెంబరు 21, 22 తేదీలతో పగటి పొద్దు పెరగడం మొదలయినా, ఉదయం మాత్రం తొందరపడదు. మన నగరంలో సూర్యోదయం అన్నిటికంటె ఆలస్యంగా జరిగేది జనవరి మూడవ వారంలో. సంక్రాంతి వెళ్ళినా తెల్లవారడం లేదని గృహిణులు అనుకోవడంలో తప్పేమీ లేదు. అప్పుడు సూర్యుడు ఉదయించేసరికి ఏడు గంటలకు పది నిమిషాలే తక్కువ ఉంటుంది.

చలి కాలంలో సూర్యుడు మనకు దూరంగా పోతాడని కొందరు అనుకుంటారు. నిజం ఇందుకు విరుద్ధం. జనవరి మొదటివారంలోనే భూమి సూర్యునికి అత్యంత సమీపంలో, సుమారు 14 కోట్ల 70 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జూలైలో ఈ దూరం 15 కోట్ల 20 లక్షలు. కాబట్టి కారణం దూరం కాదు, ఏటవాలు. డిసెంబరు చివర హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం వేళ కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. మే రెండవ వారంలోనో, సరిగా నడినెత్తిన నిలుస్తాడు. ఏటవాలుగా పడిన ఎండ ఎక్కువ నేలమీద పరచుకొని పలుచన అవుతుంది. పైగా పగలు పదకొండు గంటలు, రాత్రి పదమూడు గంటలు. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారం వంటిదే నేల పరిస్థితి.

మన నగరానికి మరి రెండు విశేషాలున్నవి. ఇది సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. సముద్రానికి దూరంగా ఉన్నది. విశాఖపట్నంలో సముద్రం పగటి వేడిని దాచుకొని రాత్రి కాస్త కాస్తగా ఇస్తుంది. ఇక్కడ ఆ అండ లేదు. ఈశాన్యం నుంచి వీచే పొడిగాలి, మబ్బు తునక లేని ఆకాశం. అందువల్లనే జనవరి రాత్రులలో సాధారణంగా 15 డిగ్రీల ప్రాంతంలో ఉండే ఉష్ణోగ్రత కొన్ని రోజులు పదికి దిగువకు పోతుంది. 1946 జనవరి 8వ తేదీన 6.1 డిగ్రీలకు దిగింది.

ఇక తోటలో నడుద్దాం. దారి ప్రక్క ఇనుప బెంచీ మీద చేయి ఆనించండి. చురుక్కుమంటుంది. ప్రక్కనే ఉన్న చెక్క బెంచీ అంత చల్లగా తోచదు. రాత్రంతా ఒకే గాలిలో ఉన్న ఈ రెండింటి ఉష్ణోగ్రతలో చెప్పుకోదగిన భేదం లేదు. ఇనుము మన చేతి వేడిని గబగబా లాగుకొంటుంది. చెక్క నిదానంగా తీసుకుంటుంది. చలి అని మనం అనుకొనేది ఎదుటి వస్తువులో ఉన్న గుణం మాత్రమే కాదు, మన ఒంటి వేడి ఎంత వేగంగా పోతున్నదో చెప్పే హెచ్చరిక కూడా. ఉన్ని శాలువకు స్వతహాగా వేడి లేదు. మన వేడిని పోనీయకుండా కాపలా కాయడమే అది చేసే ఉపకారం.

పచ్చిక మీదికి వెళితే పాదరక్షలు తడుస్తవి. ‘మంచు పడింది’ అంటాము గాని, ఈ మంచు ఆకాశం నుంచి వానవలె పడినది కాదు. పగలు వేడెక్కిన నేల, గడ్డి, ఆకులు రాత్రి కంటికి కనిపించని వేడి కిరణాలను ఆకాశంలోకి విడుస్తూ ఉంటవి. మబ్బు ఉంటే ఆ వేడిలో కొంత తిరిగి నేలకు వస్తుంది. అందుకే మబ్బు పట్టిన రాత్రి కంబళి కప్పుకున్నట్లు వెచ్చగా ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే పోయిన వేడి పోయినట్లే. గడ్డిపరక తన చుట్టూ ఉన్న గాలికంటె కూడా చల్లబడుతుంది. దానిని తాకిన గాలిలోని నీటి ఆవిరి అక్కడికక్కడే నీటిబొట్టు అవుతుంది. చల్లని నీళ్ళు పోసిన చెంబు బయట చెమ్మ పట్టడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

దీనికి నిదర్శనం కావలెనంటే గుబురుగా పెరిగిన పెద్ద చెట్టు క్రింద చూడండి. అక్కడ గడ్డి దాదాపు పొడిగా ఉంటుంది. చెట్టు కొమ్మలు మంచును అడ్డుకొన్నందువల్ల కాదు, గడ్డినుంచి పోయే వేడిని అడ్డుకొన్నందువల్ల. లండనులో విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు రాత్రులు తోటలో కూర్చుండి ఈ రహస్యాన్ని పరీక్షించాడు. కాళ్ళమీద నిలబెట్టిన ఒక పలకకు పైవైపున కొంత ఉన్ని, క్రిందివైపున అంతే ఉన్ని అమర్చి తెల్లవారి తూచాడు. ఆకాశాన్ని చూస్తున్న ఉన్ని ఎంతో ఎక్కువ చెమ్మ పట్టింది. ఆయన 1814లో మంచును గురించి ప్రకటించిన వ్యాసం ఈ విషయంలో మార్గదర్శకమయింది.

కొలను వైపు నేల పల్లంగా దిగుతుంది. నాలుగు అడుగులు వేసేసరికి చెవులకు చలి తగులుతుంది. చల్లబడిన గాలి బరువెక్కి నీటివలె పల్లానికి జారుతుంది. నేల చల్లబడితే దానిని అంటుకొని ఉన్న గాలి కూడా చల్లబడుతుంది. దానిపై ఉన్న గాలి మాత్రం అంతగా చల్లబడదు. సాధారణంగా పైకి పోయేకొద్దీ చల్లదనం హెచ్చుతుంది గదా. శీతకాలపు తెల్లవారుజామున మాత్రం ఈ క్రమం తలక్రిందులవుతుంది. నేలమీద చల్లని గాలి, దానిపై వెచ్చని గాలి మూత పెట్టినట్లు నిలుస్తుంది. శాస్త్రజ్ఞులు దీనిని ఉష్ణోగ్రతా విలోమం అంటారు.

ఈ మూతను కంటితో చూడలేము గాని చెవితో వినవచ్చును. నాంపల్లి స్టేషనులో రైలు కూత పగలంతా వినిపించీ వినిపించనట్లు ఉంటుంది. ఈ వేళ మాత్రం చెట్ల ప్రక్కనే కూసినట్లు ఉంటుంది. ఊరంతా నిశ్శబ్దంగా ఉండటం ఒక కారణం. రెండవ కారణం ఆ మూత. ధ్వని వెచ్చని గాలిలో వేగంగాను, చల్లని గాలిలో మెల్లగాను పోతుంది. అందువల్ల పైకి పోతున్న కూత వెచ్చని పొర చేరగానే వంగి మళ్ళీ నేలకు దిగివస్తుంది. పల్లెటూళ్ళలో తెల్లవారుజామున ఎక్కడో ఉన్న గుడిగంట మన పెరటిలో మ్రోగినట్లు వినిపించడానికి కారణం ఇదే.

కూతను క్రిందికి పంపే ఈ మూత పొగను కూడా పైకి పోనీయదు. తోట ప్రహరీ అవతల ఎవరో చలిమంట వేసుకున్నారు. పొగ కొంత ఎత్తు లేచి, అక్కడ ఆగి, చాప పరచినట్లు అడ్డంగా సాగుతున్నది. వాహనాలు విడిచిన పొగ, ఊడ్చినప్పుడు లేచిన దుమ్ము, తగులబెట్టిన ఎండుటాకుల పొగ, అన్నీ ఈ మూత క్రిందనే చిక్కుకొని ఉంటవి. గాలి కదలదు. చల్లగా ఉన్నది కాబట్టి పరిశుభ్రంగా ఉన్నదని మనం భ్రమపడతాము. చల్లదనం వేరు, నిర్మలత్వం వేరు.

ఈ భ్రమ ఎంత అనర్థం తేగలదో 1952 డిసెంబరులో లండను నగరం చూసింది. ఆ నెల 5వ తేదీనుంచి 9వ తేదీవరకు ఇటువంటి మూత ఆ నగరంపై కదలక నిలిచింది. బొగ్గు పొగ మంచుతో కలిసి వీధులను కమ్మింది. నాలుగు వేలమంది మరణించినట్లు ఆనాడు అంచనా వేశారు. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య పన్నెండు వేల వరకు ఉండవచ్చునన్నారు. 1956లో ఇంగ్లండులో స్వచ్ఛమైన గాలి కోసం చట్టం వచ్చింది. మన పుష్యమాసపు ఉదయం అంత భయంకరమైనది కాదు. మన ఎండ బలమైనది. ప్రొద్దెక్కేసరికి మూత తొలగిస్తుంది. కాని సూత్రం ఒక్కటే.

ఇప్పుడు మొదట ఇచ్చిన మాట చెల్లించుకుంటాను. మా నాన్నగారిది డెబ్బై ఆరవ యేడు. బ్రహ్మముహూర్తాన లేచి నడవడం ఆయనకు చిన్ననాటి అలవాటు. రెండేళ్ళ క్రిందట సంక్రాంతి వెళ్ళిన మూడవ రోజున ఇదే తోటలో, ఇదే వేళ, నాతో నడుస్తూ ఆయన హఠాత్తుగా ఆగిపోయారు. ఊపిరి అందలేదు. ఇనుప బెంచీమీద కూర్చుండబెట్టి వీపు నిమురుతూ ఉంటే, ఆయన రొమ్ములో పిల్లనగ్రోవి వంటి సన్నని శబ్దం నాకు వినిపించింది. ఆ పది నిమిషాలు నేను మరచిపోలేను. వైద్యుడు పరీక్షించి, ‘నడక మానవద్దు, వేళ మార్చండి’ అన్నాడు. చల్లని గాలి తగిలితే కొందరి శ్వాసనాళాలు ముడుచుకుంటవి. రక్తనాళాలు కూడా ముడుచుకొని గుండెకు శ్రమ హెచ్చుతుంది. దానికి పొగ తోడయితే ముసలి ఊపిరితిత్తులు తట్టుకోలేవు.

నాన్నగారు ఒక పట్టాన ఒప్పుకోలేదు. ‘పెద్దలు బ్రహ్మముహూర్తమన్నది ఊరకనేనా?’ అన్నారు. ‘లేవమన్నారు నాన్నగారూ, చలిలో తిరగమనలేదు. లేచి జపం చేసుకోండి; సూర్యనారాయణమూర్తి వచ్చిన తరువాత నడుద్దాం’ అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మరునాడు మాత్రం నాకోసం ఎనిమిది గంటలదాకా వాకిట్లో కూర్చున్నారు.

సూర్యుడు ఉదయించగానే చలి తగ్గిపోతుందనుకోవడం కూడా పొరపాటే. రోజంతటిలో అత్యంత చల్లని వేళ సాధారణంగా సూర్యోదయానికి కొంచెం తరువాత వస్తుంది. తొలి కిరణాలు ఇచ్చే వేడికంటె నేల విడిచే వేడి ఇంకా ఎక్కువగా ఉండటమే దీనికి కారణం. జమ ఖర్చును మించిన తరువాతనే నేల వేడెక్కుతుంది. అప్పుడు దానిమీది గాలి తేలికయి పైకి లేచి, మూతను కొంచెం కొంచెంగా కరగిస్తుంది.

కాబట్టి ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు, వృద్ధులు శీతకాలంలో ఎండ బాగా వచ్చిన తరువాత నడవడం మేలు. అప్పుడు కూడా వాహనాలు తిరిగే రోడ్డు వదలి తోట లోపలి దారి పట్టవలెను. సాయంత్రం నాలుగు, అయిదు గంటల మధ్య గాలి బాగా కలిసి ఉంటుంది. ప్రొద్దు గ్రుంకితే మూత మళ్ళీ మొదలవుతుంది. ముక్కుమీదుగా మెత్తని గుడ్డ చుట్టుకుంటే లోపలికి పోయే గాలి కొంత వెచ్చబడుతుంది. ఆరోగ్యవంతులయిన యువకులు తెల్లవారుజామున నడిచినా భయపడవలసినది లేదు. అయితే పొగ చాపవలె పరచుకొని ఉన్న రోజున ఒక గంట ఆగితే వారికీ నష్టం లేదు. తోటలోనూ ఇంటిముందూ ఆకులు తగులబెట్టకుండా ఉంటే అందరికీ మేలు.

వేళ తెలుసుకోవడానికి మీ ఇంట్లో పాత రేడియో ఉంటే అదే ఒక సాధనం. చీకటి ఉండగా మధ్యతరంగాలమీద దూరదేశపు కేంద్రాలు కూడా వినిపిస్తవి. సూర్యకాంతి సోకగానే పై వాతావరణంలో ఒక పొర ఏర్పడి ఆ తరంగాలను మ్రింగివేస్తుంది. దూరపు గొంతులు ఒక్కొక్కటే సన్నగిల్లి, మన ఊరి కేంద్రం ఒక్కటే మిగులుతుంది. మా నాన్నగారు ఇప్పుడు జపం ముగించి రేడియో ముందు కూర్చుంటారు. దూరపు కేంద్రాలు మాయమయిన తరువాత వార్తలు విని, కాఫీ పుచ్చుకొని, చేతికర్ర అందుకుంటారు. ‘ఇక పోదామా?’ అంటారు. అప్పటికి గడ్డిమీది మంచు ఆరడం మొదలవుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోయేదాకా మా నడక ఆ వేళకే.